గుల్ల రోడ్డు

ఇప్పుడు రోడ్లు మాట్లాడతాయి, కానీ లోపల గుల్లగా ఉన్న సంగతి మాత్రం చెప్పవు. అందుకే ల్యాబులో నా పని మిగిలింది. కొత్తగా వేసిన రోడ్డులోంచి కోసి తెచ్చిన తారుముక్కను నీళ్లలో నానబెట్టి, పైతడి మాత్రమే గుడ్డతో తుడిచి తూస్తాను. లోపల నిలిచిన నీళ్ల బరువును బట్టి గుల్ల ఎంతో తెలుస్తుంది.

ఇవాళ ఆ పనికి ఇనుపచెయ్యి వచ్చింది. అది గాలి ఊది ఆరబెడుతుంది. ఒకే ముక్కను ఇద్దరం తూచాం. రోడ్డు బాగా అణిగిందని అది తేల్చింది. గుల్లగా ఉందని నేను తేల్చాను.

"పెద్దమ్మా, మిషను తప్పు చెప్తాదా? పదింటికి ఆ రోడ్డు మీదికి బస్సులు వదలాల. పని పోతాదని నీకు బెంగ," అంది ఇంజనీరు హిమజ మేడం.

"బెంగ ఉండాది. తప్పూ ఉండాది. అది ఆరబెట్టిన ముక్కను మళ్లీ నీళ్లల్లో ఎయ్యండి మేడం."

వేయగానే ముక్కలోంచి బుడబుడమని గాలి పైకొచ్చింది. ఇనుపచెయ్యి పైతడితో పాటు లోపలి రంధ్రాల్లోని నీళ్లనూ ఊదేసింది. అందుకే గుల్ల లెక్కలోకి రాలేదు. అదే ముక్కను బాగా నాననిచ్చి, నేను తుడిచి మళ్లీ వేశాను. ఒక్క బుడగ కూడా లేవలేదు.

మేడం వెంటనే రోడ్డుకు ఫోను చేసి, బస్సులను రానివ్వద్దంది. రోడ్డు సరేనంది.

"ఈ చెయ్యికి తుడవడం నేర్పుతావా పెద్దమ్మా?"

"నేర్పుతా. మొద్దుది, ఏళ్లు పడతాది," అన్నాను.