ఇద్దరు శివరామన్‌లు

బతికున్న శివరామన్ చనిపోయాడని విరుదునగర్‌లో మూడు వీధులకు చెప్పింది కార్తీశ్వరి గొంతే.

ఆ పొద్దున ఆటో మైకులో వినిపించాల్సింది శివరామన్ కొత్త బట్టల కొట్టు ప్రారంభం గురించి. వినిపించింది కిందటేడు పోయిన ఇంకో శివరామన్ చావు కబురు. రెండూ కోవిల్‌పట్టిలోని మైకు ప్రకటనల ఆఫీసులో ఆమె చదివి రికార్డు చేసినవే. రెండు ఫైళ్ళకూ ‘శివరామన్’ అనే పేరు పెట్టి, రెండోదాని చివర ‘కొత్తది’ అని చేర్చి ఊరుకుంది. విరుదునగర్ శాఖలో పనిచేసే రామ్‌కుమార్ తొందరలో మొదటిది తీసి ఆటోకి పంపేశాడు. కొట్టు తలుపులు తెరిచేసరికి చుట్టాలు దండలు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు.

యజమాని గోపాలకృష్ణన్ ఆఫీసులో అందరితోనూ అరవంలోనే మాట్లాడతాడు. మనసులో మాట చెప్పాలంటే మాత్రం తెలుగులోకి దిగుతాడు. ఆ రోజు కార్తీశ్వరిని గదిలోకి పిలిచి తెలుగులోనే అడిగాడు.

“పదకొండేండ్లు నీ గొంతే మనకు పేరు తెచ్చె. ఈ దినం నీ గొంతే తీసె. ఏం చేద్దామంటావు?”

తనే పోయి క్షమాపణ అడిగి వస్తానంది. అప్పటికప్పుడే విరుదునగర్ బస్సెక్కింది.

ఇంట్లో ఉన్న శివరామన్ ఆమె భయపడినంత కోపంగా లేడు. చెప్పిందంతా విని తల ఊపాడు. ఇంతలో లోపలి నుంచి ఎవరని అడుగుతూ వాళ్ళమ్మ పొన్నమ్మాళ్ వచ్చింది. “మైకు ఆఫీసు నుంచి వచ్చినానమ్మా,” అంది కార్తీశ్వరి. ఆ గొంతు చెవిన పడగానే ముసలామె గోడ పట్టుకుని అక్కడే కూలబడింది. పొద్దున వాకిట్లో ఆకుకూర బేరం చేస్తుంటే ఆటో వచ్చిందట. కొడుకు పేరు తప్ప ఇంకేమీ వినబడలేదట. చెప్పులు లేని కాళ్ళతో కొట్టుదాకా పరిగెత్తిందట. ఇదంతా శివరామనే చెప్పాడు. పొన్నమ్మాళ్ ఒక్క మాటే అంది, అదీ కొడుకుతో, మెల్లిగా.

“ఆ గొంతు మనింట్లో వద్దప్పా. పంపించెయ్యి.”

కార్తీశ్వరి తిరుగు బస్సెక్కింది. కండక్టరు ఏ ఊరని అడిగితే పొద్దుటి టికెట్టు తీసి, దాని మీద కోవిల్‌పట్టి అని ఉన్నచోట వేలు పెట్టి చూపించింది.

మర్నాడు గోపాలకృష్ణన్‌ని ఒక నెల గడువడిగింది. పదకొండేళ్ళ రికార్డింగులన్నీ ఒక దారికి తెస్తానంది. ఇంకే తల్లీ అలా పరిగెత్తకూడదంది. ఆయన సరేనని, సాయానికి రామ్‌కుమార్‌ని విరుదునగర్ నుంచి పిలిపించాడు.

మొదటి రెండు రోజులూ ఇద్దరి మధ్యా మాటల్లేవు. తప్పు ఆమె పెట్టిన పేరుదని అతను, వినకుండా పంపిన అతనిదని ఆమె అనుకుంటూ పనిచేశారు. మూడో రోజు అతనే టీ తెచ్చి పక్కన పెట్టాడు. అక్కడి నుంచి పని కదిలింది.

తొమ్మిది వేల పైచిలుకు ఫైళ్ళు. ఒక్కోదానికీ ఊరు, తేదీ, ఎవరిది, ఎందుకు అన్నీ చేర్చారు. చావు కబుర్లు వేరే పెట్టి, ఇద్దరు విని సరేనంటే తప్ప బయటికి పోకుండా కట్టడి చేశారు. అది కార్తీశ్వరి ఆలోచన. ప్రతి ఫైలు కిందా అందులోని మాటలన్నీ రాయాలన్నది రామ్‌కుమార్ ఆలోచన. ఏ మాట వెతికినా దొరుకుతుందన్నాడు. గొంతు సంతోషంగా ఉందా, బాధగా ఉందా, బతిమాలుతున్నట్టుందా అదీ రాయమన్నాడు.

రోజంతా తన గొంతు తనే విని రాస్తూ కూర్చుంది. ఇన్నేళ్ళలో మూడు వందల మందికి పైగా చావు కబురు చదివి సాగనంపానని ఆమెకు అప్పుడే తెలిసింది. మధ్యమధ్య ఇయర్‌ఫోన్లు తీసేసి ఊరికే కిటికీలోంచి చూస్తూ ఉండేది.

తప్పు చదివి ఆపేసినవీ, దగ్గు అడ్డమొచ్చినవీ, మాటకు ముందు ఊపిరి తీసుకున్నవీ కూడా ఎక్కించమన్నాడు రామ్‌కుమార్.

“ఈ చెత్త ఎవరికి పనికొస్తుంది?” అని అడిగింది.

“సార్ ఏదీ పారెయ్యొద్దన్నారక్కా, కంప్యూటరుకు అన్నీ కావాలంట,” అన్నాడు, తెర మీంచి చూపు తిప్పకుండా.

నెల తిరిగేలోపే పని పూర్తయింది. గోపాలకృష్ణన్ ఎదురుగా కూర్చుని పరీక్ష పెట్టాడు. విరుదునగర్ శాఖకు ఫోన్ చేసి పల్లీ పట్టీ ప్రకటన, పండగది, నవ్వుతూ చెప్పింది కావాలన్నాడు. అడిగి ఫోన్ పెట్టేసేలోపే వాళ్ళు వినిపించారు. కార్తీశ్వరికి ఇన్ని రోజుల తర్వాత ఊపిరాడినట్టయింది. ఆయన బాగా చేశావని మెచ్చుకుని, అలిసిపోయావు, ఒక వారం ఇంటిపట్టున ఉండమన్నాడు.

ఇంట్లో ఆమెకు కాలు నిలవలేదు. ఆఫీసు నుంచి చదవాల్సిన కాగితాలు వారమంతా ఒక్కటీ రాలేదు. శివరామన్ సంగతి ఇంకా సార్ మనసులో ఉందేమోనని తల్లి మారియమ్మాళ్‌తో రోజుకు రెండుసార్లు అంది. ఉంటే ఇంత పని చేయించుకుంటాడా అని తల్లి ధైర్యం చెప్పేది.

ఆదివారం పొద్దున కార్తీశ్వరి దోసెల పిండి కలుపుతుంటే ఫోన్ మోగింది. ఆఫీసు నంబరే. చేతులకు పిండి ఉందని తల్లిని తీయమంది. మారియమ్మాళ్ ఫోన్ చెవికి ఆనించుకుని ఒక్క క్షణం వింది. కూతురి పెదాల వైపు చూసింది. మళ్ళీ వింది.

“ఎవరమ్మా, సారేనా?”

“నువ్వే పాపా,” అంది తల్లి. “రేపట్నుంచి నిన్ను పనికి రావద్దని నువ్వే చెప్తా ఉండావు.”