మాజీ సర్పంచి ముద్ర

"వంకాయ కూరకు మంజూరు!" అంటూ మాజీ సర్పంచి మల్లేశ్వర్ కోడలి దరఖాస్తు మీద పాత ముద్ర గుద్దాడు.

ఎన్నికల్లో ఓడిన తండ్రి దిగులు పోగొట్టాలని గోవర్ధన్ పెట్టిన పద్ధతి అది. ముద్ర పడనిదే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. శంషాబాద్‌లో దిగే విమానాలకు కూడా మల్లేశ్వర్ కిటికీలోంచి చెయ్యి ఊపి అనుమతి ఇస్తాడు.

"నీ కంప్యూటర్ కొలువు ఏందిరా?"

"నమ్మకం లేని ప్రోగ్రామును ఓ గదిల పెడతం బాపు," అన్నాడు గోవర్ధన్. "లోపల అధికారమంతా తనదే అనుకుంటది. బయట పూచికపుల్ల కదిపే హక్కు సుత ఉండదు."

"పాపం, దానికి ఎర్క లేదా?"

"లేదు."

మల్లేశ్వర్ ముద్రను తుడిచి డబ్బాలో పెట్టాడు.

"దానికంతా ఎర్కే బిడ్డా. ఇంటోళ్లు చిన్నబుచ్చుకుంటరని ఊకుంటది."