ఎర్ర పువ్వు లేని పేజీ

"మీ అమ్మాయి టీవీలో చూసి కథ దించేసింది," అంటూ ఇవాసె టీచరు నోటుబుక్కు నా ముందుకు జరిపింది. బాగా రాసిన పేజీ మీద ఆమె ఎర్ర సిరాతో పువ్వు గీస్తుంది. ఈ పేజీ మీద పువ్వు లేదు.

"ఏడేళ్ల గూఢచారి లంచ్‌బాక్సు అన్నంలో, ఊరవేసిన ఉమె పండు గింజలో రహస్యం దాస్తాడట. మొన్న ఆదివారం కార్టూన్లో వచ్చిందిదేగా! అదీ సొంత తండ్రి రాసిన సీరియల్ నుంచి!"

పోయినేడాది టోక్యో సబ్‌వేలో నా ఒళ్లో కూర్చుని మా అమ్మాయి కొతోహా చెప్పిన కథ అది. నేను చివర్లో ఒక్క సీను కలిపి, నా పేరు వేసుకున్నాను.

"నువ్వే చెప్పమ్మా. ఎక్కడిదీ కథ?" అంది టీచరు, నా పక్కన నిలబడ్డ కొతోహాతో.

కొతోహా నా వైపు చూడలేదు. "టీవీలో చూసే రాశానండీ."

అప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. కానీ లేచి, నడుం వంచి, "క్షమించండి. ఇంకెప్పుడూ ఇలా చేయదు," అన్నాను. నా పక్కన తనూ వంగింది.

బడి గేటు దాటాక అడిగాను. "అలా ఎందుకు చెప్పావే?"

"పట్టుబడినా ఏజెంటు తన బాసు పేరు చెప్పకూడదు కదా నాన్నా," అంది, తన బూట్ల వంక చూసుకుంటూ. "నా కథలో ఆ సీను లేదు. నువ్వే కలిపావు."