గోడకున్న కంత

తల్లి లేని పిల్లికూనల్ని సాకుతున్న బాతుకు షరతులెక్కువ.

"ఒక్క కూననివ్వు వదినా, కళ్లల్లో పెట్టుకుని చూసుకుంటాను" అని దూడ పోయిన గేదె బతిమాలింది.

బాతు కొట్టమంతా కలియతిరిగింది. "తోక ఊరికే ఊపుతావు. పైగా గోడకు కంత! కూన అందులోంచి పారిపోతే? కుదరదు వదినా."

"ఇన్ని చూసింది, పాలున్నాయా అని అడిగిందా?" అని బాతు వెళ్లాక గేదె బుసకొట్టింది.

సాయంత్రం కుండపోత వాన. బాతు గూడు కారింది. వణుకుతూ ఒక కూన ఆ కంతలోంచే దూరి వచ్చి, గేదె పాలు కడుపారా తాగి, పొట్టకు ఆనుకుని నిద్రపోయింది. గేదె తోక కదిపితే ఒట్టు!

వెతుక్కుంటూ వచ్చిన బాతు కంతలోంచి తొంగిచూసింది.

"ఇంకా ఇద్దరున్నారు వదినా. ఈ కంత మాత్రం పూడ్చకు."