చివరి మ్యాచ్ జెర్సీ

రెండో డివిజన్ ఫుట్‌బాల్‌కు మైదానం దండగని ఎప్పుడో తేల్చేశారు. ఇప్పుడు రెండు జట్లూ జెర్సీలు వేసుకుని యంత్రం ముందు నిలబడితే చాలు, అది మోకాళ్లూ ఊపిరీ కొలిచి స్కోరు చెప్పేస్తుంది.

సీజన్ చివరి మ్యాచ్ అయ్యాక బొల్లారం జట్టు గోల్‌కీపర్ వెస్లీ ఇంటికొచ్చాడు. భార్య సుగుణ అలవాటు కొద్దీ అతని జెర్సీని బకెట్లో నానేసింది.

"గెలిచిన్రా?"

"ఒక్క గోల్‌తోని ఓడినం. మూడో డివిజన్ల పడేసిన్రు."

"నువ్వు ఆపలేకపోయినవా?"

"ఏమో. నేనెటు దుంకిన్నో గూడ ఆ మిషిన్ చెప్పలే."

సుగుణ జెర్సీ పిండింది. నీళ్లు తేటగానే ఉన్నాయి.

వెస్లీ ఆ తడి జెర్సీ లాక్కుని తొడుక్కున్నాడు. వాకిట్లో ఎడమకు దూకాడు. లేచి కుడికి దూకాడు. మోచేతులు చీరుకుపోయేదాకా దూకుతూనే ఉన్నాడు.

తర్వాత జెర్సీ విప్పి ఆమె చేతికిచ్చాడు.

"ఇగ ఉతుకు."