మిట్ట దాకా తోడు

కొత్త బ్యాటరీ సైకిల్ మీద నన్ను చూడగానే చెల్లి మొహం మాడ్చుకుంది.

సొంత చెల్లి కాదు. మా ఫ్యాక్టరీ ఆఫీసులో ఉత్తర్వులు టైపు చేస్తుంది, నేను ప్యాకింగులో చేస్తాను. రెండేళ్లుగా కలిసే పనికి వెళ్తున్నాం. తనది బ్యాటరీ సైకిల్, నాది మామూలుది. మిట్ట రాగానే నా కోసం మోటారు ఆపేసి, నాతోపాటే రొప్పుతూ తొక్కేది. ఆ పిచ్చిపిల్లకి ఇక ఆ అవస్థ ఉండకూడదనే నేనూ కొన్నాను.

"ఇప్పుడెందుకు కొన్నావక్కా?" అంది.

"నీతో సమానంగా వద్దామనే!"

"వారంలోపు ఇచ్చేస్తే వాపసు తీసుకుంటారటగా. బిల్లు పారెయ్యకు."

ఇంత మంచిపిల్లా నామీద కళ్లలో నిప్పులు పోసుకునేది అని మనసు చివుక్కుమంది. ఆ ఉక్రోషంలోనే మోటారు వేసుకుని, మిట్టెక్కి, తనకంటే ముందు వచ్చేశాను.

గేటు దగ్గర వాచ్‌మన్ లోపలికి పోనివ్వలేదు. ఓ కవరు చేతిలో పెట్టాడు. ఈరోజు నుంచి నేను పనిలోకి రానక్కర్లేదట. కాగితం కింద మూల, టైపు చేసినవాళ్లు వేసే పొడి అక్షరాలు చెల్లివే. తేదీ పది రోజుల కిందటిది.

పది రోజులు! రోజూ పొద్దున ఆ మిట్ట మీద మోటారు ఆపి, నా పక్కనే రొప్పుతూ, ఆ కబురూ ఈ కబురూ చెబుతూనే ఉంది.

వెనక బ్రేకు చప్పుడైంది. చెల్లి సైకిల్ దిగి, నా చేతిలో కాగితం చూసి తల దించుకుంది.

"చెప్పకూడదన్నారక్కా. అందుకేగా బిల్లు దాచుకోమన్నాను."