బల్ల మీద ముడుపు

“పదిహేను లక్షల పదివేలండి,” అంది నాగదుర్గ.

ప్రభుత్వం వారి పాట పదిహేను లక్షలు. ఆమె పెంచింది పదివేలే. ఇప్పుడు ఎవరో ఒకరు గొంతు సవరించుకోవాలి. ఎవరూ సవరించుకోలేదు.

తాసిల్దారు ఉదయభాస్కర్ కళ్ళజోడు పైకి తోసుకుని గదంతా కలయజూశాడు. కాలువగట్టు పక్కన పది సెంట్ల స్థలం. ముప్పై ఏళ్ళుగా అందులో తుమ్మచెట్లు తప్ప ఏమీ లేవు. అలా ఊరికే పడున్న ప్రభుత్వ స్థలాలు అమ్మి ఖజానాకు సొమ్ము చేర్చమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పాటకు డిపాజిట్టు కట్టినవాళ్ళు ఏడుగురు. మిగతా ఆరుగురూ పెదవి విప్పకుండా కూర్చున్నారు.

పెన్షన్ పనిమీద వచ్చి గుమ్మంలో కూర్చున్న సంపూర్ణమ్మ మాత్రం ఊరుకోలేదు.

“ఉన్న జాగాలన్నీ అమ్మేసుకుంటే రేపు ఆసుపత్రి కట్టాలంటే ఎక్కడికెళ్తారు బాబూ?”

“ఈ సొమ్ములో కొంత మన బడి పైకప్పుకేనండి మామ్మగారూ. వానొస్తే పిల్లలు గొడుగులేసుకుని కూర్చుంటున్నారు. ఎంత ఎక్కువొస్తే అంత మంచిది,” అని తాసిల్దారు రెండో వరస బెంచీ వైపు తిరిగాడు. “జగన్నాథరావు గారూ, మీరు?”

బియ్యం వ్యాపారి జగన్నాథరావు గోడౌను ఆ స్థలాన్ని ఆనుకునే ఉంది. ఇరవై రెండు లక్షలైనా పెట్టి ఆయన దాన్ని కొంటాడని ఊరంతా అనుకుంటోంది. ఆయన తన చేతిసంచీని కాలితో బెంచీ కిందికి నెట్టి, “నేను పాడనండి,” అన్నాడు.

“పదిహేను లక్షల పదివేలు. ఒకటోసారి.”

నాగదుర్గ మనసులో లెక్క చూసుకుంది. నెలాఖరుకి షెడ్డు ఖాళీ చెయ్యమన్నాడు అద్దెకిచ్చినాయన. ఈ స్థలం రాకపోతే మూడు మగ్గాలూ అమ్ముకోవడమే. బంగారమూ బ్యాంకు అప్పూ కలిపి తన దగ్గరున్నది పద్దెనిమిది లక్షలు. “మరిడమ్మ తల్లీ, అంతా నీ దయ” అనుకుని ఎదురుగా బల్ల మీదున్న ముడుపుకు దణ్ణం పెట్టుకుంది. పసుపుగుడ్డలో చుట్టిన కొబ్బరికాయ అది. పాట అయ్యాక పెద్దాపురం వెళ్ళి గుళ్ళో కట్టాలని తెచ్చుకుంది.

“సత్రం కడతారా, మండపమా అమ్మా?” వెనకనుంచి అడిగాడు ఎరువుల కొట్టు చినబాబు.

“సత్రమేంటండి?”

పక్కనున్న మొగుడు గున్నేశ్వరరావు ఆమె చెయ్యి గట్టిగా నొక్కాడు. “నోరు మెదపకు. ఈ ఊళ్ళో బల్ల మీద ముడుపు పెట్టి పాడితే అమ్మవారి తరఫున పాడినట్టు. దాని మీద ఎవరూ పెంచరు. యానాం దానివి, నీకు తెలీదు.”

“మీకు తెలుసుగా! ముందే చెప్పొచ్చుగా?”

“నేనూ ఇప్పుడే చూశాను. చూశాక ఎందుకు చెప్తాను?”

“రెండోసారి.”

నాగదుర్గ లేచి నిలబడింది. బల్ల మీది ముడుపు తీసి కొంగులో పెట్టుకుంది.

“ఆగండి. ఇది అమ్మవారి పాట కాదండి. నా మగ్గాల కోసం పాడుతున్నాను. ముడుపు నేల మీద పెట్టకూడదని బల్ల మీద పెట్టాను, అంతే.”

గున్నేశ్వరరావు తల పట్టుకున్నాడు. తాసిల్దారు కలం కింద పెట్టాడు. “అయితే మళ్ళీ మొదలెడదామమ్మా. మీ పాట పదిహేను లక్షల పదివేలే కదా?”

“కాదండి. పద్దెనిమిది లక్షలు రాసుకోండి. నా దగ్గర ఉన్నదంతా అదే. ఎవరైనా పెంచితే వాళ్ళదే.”

“మీ పాట మీద మీరే పెంచుకోవడమేంటమ్మా!” చినబాబు పకపకా నవ్వాడు.

“అమ్మవారి మొహం చూసి మీరంతా ఆగారు. ఆ తగ్గిన డబ్బు ఎవరిదండి మరి? బడి పిల్లలదే కదా.”

అందరూ జగన్నాథరావు వైపు చూశారు. ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు.

“పద్దెనిమిది లక్షలు. ఒకటోసారి.”

జగన్నాథరావు చెయ్యి బెంచీ కింది సంచీ దాకా వెళ్ళింది.

“రెండోసారి.”

ఆ చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చి ఒళ్ళో పడింది.

“మూడోసారి. స్థలం నాగదుర్గ గారిదండి.”

సంపూర్ణమ్మ గుమ్మంలోంచే చేతులెత్తి దీవించింది. వరండాలోకి వచ్చాక కూడా గున్నేశ్వరరావు నమ్మలేకపోయాడు. “నిజంగా మనకొచ్చేసిందే!” అని మూడుసార్లు అన్నాడు. నాగదుర్గ కళ్ళు తుడుచుకుని, మెట్లు దిగుతున్న జగన్నాథరావుకు అడ్డంగా వెళ్ళి కాళ్ళకు దణ్ణం పెట్టబోయింది.

“మీరు ఒక్క మాట పెంచి ఉంటే మా మగ్గాలు పోయేవి బాబాయిగారూ. మీ మేలు ఈ జన్మలో మర్చిపోను.”

ఆయన చటుక్కున వెనక్కి జరిగాడు. “నాకెందుకమ్మా దణ్ణం? పెద్దాపురమేగా వెళ్తున్నావు? దీన్ని కూడా గుళ్ళో ఇచ్చెయ్యి.”

సంచీలోంచి తీసి ఆమె చేతిలో పెట్టాడు. కొత్త పసుపుగుడ్డలో చుట్టిన కొబ్బరికాయ.

“మీరూ మొక్కుకున్నారా బాబాయిగారూ?”

“మొక్కు కాదమ్మా. పాట మొదలవగానే బల్ల మీద పెడదామని తెచ్చాను. నాకంటే ముందు నువ్వు పెట్టేశావు.”